ఒకటి నుంచి నలభై దాకా

పొందూరులో నూలు వడికే ఆడవాళ్ళకు కొదవ లేదు. 1968లో అయితే మరీను. ఏ అరుగు మీద చూసినా రాట్నమే, ఏ ఒడిలో చూసినా పత్తే. వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా పట్టుకుని, కొండపత్తిలో నలుసన్నది మిగలకుండా దువ్వి, కంటికి ఆనీ ఆననంత సన్నటి దారం తీసే చేతులు ఆ ఊళ్ళో ఇంటికి రెండేసి జతలుండేవి. అంతమందిలోనూ జగ్గమ్మ పేరు నాలుగూళ్ళకు తెలియడానికి కారణం మాత్రం నూలు కాదు, చురకలు.

పసిబిడ్డ డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తుంటే జగ్గమ్మ దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఆవిడ బిడ్డను కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టుకుని కుడి డొక్క కింద వేళ్ళతో మెల్లగా తడిమేది. గట్టిగా ఏదైనా తగిలితే "బల్ల దిగినాది" అనేది. పసుపుకొమ్మును దీపం మీద ఎర్రగా కాల్చి, ఆ గట్టిదనం మీద ఒక్కటంటే ఒక్క చురక వేసి, పైన ఆముదం రాసి పంపించేది. ఈ విద్య ఆవిడకు తల్లి ఇచ్చింది. బతికిన బిడ్డలు జగ్గమ్మ చేతి చలవ, పోయిన బిడ్డలు వాళ్ళ రాత. ఇంతకన్నా నిశ్చింతైన వైద్యం భూమ్మీద ఇంకొకటి ఉంటుందా?

అలాగని ఆవిడను మోసగత్తె అనుకుంటే పొరపాటే. చురక వేసినందుకు ఎవరి దగ్గరా కొబ్బరికాయ కూడా పుచ్చుకోలేదు. ముప్ఫయ్యో ఏట మొగుడు పోతే, ఒక్కగానొక్క కూతురు నూకాలును ఆ రాట్నం తిప్పే పెంచి, సాలూరు లారీల మీద క్లీనరుగా తిరిగే గంగులుకిచ్చి పెళ్ళి చేసింది. నోరు గట్టి మనిషి. తన చెయ్యి తప్పు చెప్పదని ఊరందరికీ ఉన్న నమ్మకమే ఆవిడకూ ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఏడు భాద్రపదం వానల్లో వీధిలో పిల్లలందరికీ జ్వరం తగులుకుంది. మూడు రోజుల జ్వరం, ముక్కు కారడం, విరేచనాలు, అంతే. పురిటికొచ్చి పుట్టింట్లోనే ఉండిపోయిన నూకాలు కొడుకు చినబాబుకు అప్పుడు ఆరో నెల. వాడికీ వచ్చింది, వాడికీ తగ్గింది. తగ్గిందనే అనుకున్నారు. వారం తిరిగేసరికి మిగతా పిల్లలు బురదలో పొర్లుతున్నారు, చినబాబు మాత్రం పాలు సరిగ్గా తాగడం లేదు. ఆవురావురుమంటూ రొమ్ము అందుకునేవాడు, నాలుగు గుక్కలు తాగి వదిలేసి రొప్పేవాడు. నుదురంతా చెమట పట్టేసేది. మళ్ళీ అందుకునేవాడు, మళ్ళీ వదిలేసేవాడు. వాడికి ఆకలి ఉంది, తాగే ఓపికే లేదు.

"అమ్మా, ఈడికేటో బాగోలేదే. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసికెల్దాం" అంది నూకాలు.

"పెద్దాసుపత్రా? నానుండగానా? ఊళ్ళో గుంటలందరికీ సేసి, నా మనవడిని తీసికెళ్ళి ఆళ్ళ సేతుల్లో ఎడతానేటి?"

"నాకు బయ్యమేస్తన్నాదే."

"బయ్యమెందుకే పిచ్చిమొకమా. డొక్కలెగరేస్తన్నాడు, బల్ల దిగుంటాది. రేపు పొద్దున్న ఒక్క సురక ఏసీనంటే మూడోనాటికి నీ రొమ్ము కొరుకుతాడు, సూడు."

ఇరుగుపొరుగులు కూడా అరుగెక్కి వచ్చి, వైద్యం ఇంట్లో పెట్టుకుని ఊళ్ళు పట్టుకు తిరగడమేటని నూకాలునే కేకలేశారు. ఆ పిల్లకు నోట్లో నాలుక తక్కువ. ఊరుకుంది.

మర్నాడు పొద్దున్న జగ్గమ్మ మనవణ్ణి కాళ్ళమీద వేసుకుని తడిమింది. బల్ల తగిలింది. ఇంతకుముందు ఏ బిడ్డకూ తగలనంత పెద్దది, నాలుగు వేళ్ళ వెడల్పుంది. ఆవిడ గుండె ఝల్లుమంది గాని, ఆ సంగతి చేతికి తెలియనివ్వలేదు. చురక వేసింది. బిడ్డ ఏడ్చాడు. ఏడవడానికి కూడా ఊపిరి చాలక మధ్యలో ఆగిపోయి, నోరు తెరుచుకుని, రంగు తిరిగి, మళ్ళీ ఏడ్చాడు. అలాంటి ఏడుపు ఆవిడ ఏ బిడ్డ నోటా వినలేదు.

మూడోనాడు వచ్చింది. రొమ్ము కొరకడం మాట అటుంచి, వాడు కళ్ళే తెరవడం లేదు. నాలుగోనాటికి పాదాలు ఉబ్బి, పెదాలు నేరేడు రంగుకు తిరిగాయి. ఆ పొద్దునే గంగులు సాలూరు నుంచి వచ్చాడు. అత్తను ఒక్క మాట అనలేదు. బిడ్డను తువ్వాలులో చుట్టుకుని బస్సు దగ్గరికి పరుగెత్తాడు. అతని వెనకాల నూకాలు, ఎవరూ రమ్మనకపోయినా నూకాలు వెనకాల జగ్గమ్మ.

పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరు గణపతిరావు మాట తక్కువ మనిషి. బిడ్డకు గొట్టంతో గాలి పెట్టించి, సూదులు వేయించి, ఫొటో తీయించి, అప్పుడు పొట్ట మీది చురక కేసి వేలు చూపించాడు.

"ఇదెవరు పెట్టారు?"

గంగులు నేల చూశాడు. నూకాలు గోడ చూసింది.

"నానే బాబూ" అంది జగ్గమ్మ. "ఈడి అమ్మమ్మని."

ఆయన తిడతాడనుకుంది. తిట్టి ఉంటే ఆవిడకు తేలిగ్గా ఉండేది. ఆయన ఎక్స్‌రే ఫొటోను కిటికీ వెలుతురుకు పట్టుకుని, ఓపిగ్గా చెప్పాడు.

"ఇది వీడి గుండె. వీడి గుప్పెడంత ఉండాల్సింది ఛాతీలో సగానికి పైగా ఆక్రమించేసింది, చూడు. మొన్న వచ్చిన జ్వరం పోతూ పోతూ గుండె కండని దెబ్బతీసింది. ఆ జ్వరం వచ్చిన పిల్లలందరికీ ఇలా కాదు, ఏ ఒక్కరికో అవుతుంది. ఎందుకు ఆ ఒక్కరికే అంటే మాకూ తెలియదు. కండ పట్టు తప్పి గుండె సాగిపోయింది. రక్తాన్ని ముందుకు తొయ్యలేకపోతోంది. వెనక నిలిచిపోయిన రక్తంతో కాలేయం ఉబ్బింది. నువ్వు బల్ల అనుకున్నది ఆ కాలేయమే."

"మరి నా సురక?"

"ఈ జబ్బు నీ చురక వల్ల రాలేదు. నీ మీద జాలిపడి చెబుతున్న మాట కాదు, నిజమది. కానీ ఇలాంటి బిడ్డను ఏడిపించకూడదు. పాలు తాగడానికే ఓపిక లేని గుండెకు ఏడుపంటే కొండ మొయ్యడమే. నువ్వు ఏడిపించావు, పైగా నాలుగు రోజులు పోగొట్టావు. నీ వేళ్ళకు తగిలింది నిజమే. ఆ తర్వాత చేసిందే తప్పు."

"బతుకుతాడా బాబూ?"

"కొందరు కోలుకుంటారు, కొందరు కోలుకోరు. మందు వేసి చూడాలి. నెలలు పడుతుంది."

వరండాలోకి వచ్చాక నూకాలు తల్లి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"శ్రీకాకుళం తీసికెల్దామని నాను సెప్పినాను కదమ్మా."

జగ్గమ్మ మళ్ళీ లోపలికి, బిడ్డ దగ్గరికి పోబోయింది.

"ఇంక నీ సెయ్యి నా గుంటడి మీద పడకూడదు."

అదే ఆఖరి మాట. పద్దెనిమిది రోజులు ఆ ఆసుపత్రిలో ఉన్నారు. జగ్గమ్మ వరండా చివర మూడు రాళ్ళు పెట్టి వంట చేసింది, బిడ్డ గుడ్డలు ఉతికింది, గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూసింది. గుమ్మం దాటలేదు. ఊళ్ళో పెద్ద నోరున్న మనిషని పేరు పడ్డ ఆవిడకు ఆ పద్దెనిమిది రోజుల్లో గొంతు ఉందో లేదో పక్క మంచాల వాళ్ళకు తెలియలేదు. మెల్లగా బిడ్డ పాదాల ఉబ్బు తీసింది. నాలుగు గుక్కలు ఎనిమిదయ్యాయి, ఎనిమిది పదిహేనయ్యాయి.

పంపించే రోజున నర్సు దేవమణి నూకాలును కూర్చోబెట్టి చెప్పింది. మందు సీసాతో ఒక గాజు గొట్టం ఇస్తారు, దాని మీద ఎర్రగీత ఉంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సరిగ్గా గీత దాకా వెయ్యాలి. గీత దాటితే ఆ మందే విషం. వెయ్యబోయే ముందు ప్రతిసారీ బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టాలి. నూటికి తగ్గితే ఆ పూట మందు మానేసి వెంటనే తీసుకురావాలి.

నూకాలు మూడో తరగతి దాకా చదివింది, వంద దాకా లెక్క వచ్చు. కానీ బిడ్డ గుండె మీద వేళ్ళు పెడితే అది గబగబా కొట్టుకుపోతోంది, అరవై దాటేసరికి లెక్క చెదిరిపోతోంది. మూడుసార్లు ప్రయత్నించి ఏడ్చేసింది. గంగులు చూస్తే లారీ మీద ఒరిస్సా పోవాల్సినవాడు.

"ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?" అని అడిగింది దేవమణి.

నూకాలు బిడ్డ మీది గుడ్డ సరిచేసింది. ఆ తర్వాత తల తిప్పకుండానే గుమ్మం వైపు చెయ్యి చూపించింది.

జగ్గమ్మ లోపలికి వచ్చింది. చెయ్యి కొంగుకు రెండుసార్లు తుడుచుకుని, రెండు వేళ్ళు బిడ్డ ఎడమ రొమ్ము కింద ఆనించింది. దేవమణి వాచీ చూసుకుంటూ తనూ లెక్కపెట్టింది. నిమిషం అయ్యాక అడిగితే జగ్గమ్మ "నూటా నలభై నాలుగు" అంది. దేవమణికీ అంతే వచ్చింది.

"బాగుంది. ఇంట్లో గడియారముందా మామ్మా?"

"గడియారమెక్కడిది తల్లీ" అంది జగ్గమ్మ. "నూలు తీసినాక కదురు మీద దారం సట్రానికి సుడతాం కదా, సిలపలు, అయ్యే నూలు కట్టలు, కట్టడానికి. ఆ తిప్పుడు నాది ఎప్పుడూ ఒకేలాగుంటాది. నీ వాచీతో సూసి సెప్పు, ఒక్క నిమిషానికెన్ని తిప్పులవుతాయో."

ఇలా అని ఆ ముసలిది ఉత్త గాలిలో చెయ్యి తిప్పడం మొదలుపెట్టింది. పక్క మంచాల వాళ్ళు నవ్వారు. దేవమణి నవ్వలేదు. మూడుసార్లు చూసింది. మూడుసార్లూ నిమిషానికి సరిగ్గా నలభై తిప్పులు. ఒక్కసారి కూడా నలభై ఒకటి కాలేదు.

ఇంటికొచ్చాక ఇదీ వాళ్ళ ఏర్పాటు. బిడ్డ తల్లి ఒళ్ళో ఉంటాడు. జగ్గమ్మ ఎదురుగా కూర్చుని కుడిచేత్తో చట్రం తిప్పుతుంది, ఎడమచేతి వేళ్ళు బిడ్డ గుండె మీద పెట్టి కొట్టుకోవడం మనసులో లెక్కపెడుతుంది. తిప్పులు లెక్కపెట్టడం నూకాలు వంతు. "ఒకటి, రెండు, మూడు" అని పైకి చెబుతూ నలభై దగ్గర ఆగుతుంది. జగ్గమ్మ అంకె చెబుతుంది. నూకాలు లేచి వెళ్ళి గదిలో మందు వేస్తుంది. నూకాలు తల్లితో మాట్లాడడం మానేసిందని వీధంతా అనుకునేవాళ్ళు గాని, అది పూర్తిగా నిజం కాదు. రోజుకు రెండుసార్లు మాట్లాడేది, ఒకటి నుంచి నలభై దాకా.

ఇంట్లో బిడ్డను ఏడవనివ్వకుండా చూడడం ఇంకో యజ్ఞం. వాడికి చెవులు కుట్టించే ముహూర్తం వాయిదా పడింది. వీధిలో బూరలు అమ్ముకునేవాడు బూర ఊదితే జగ్గమ్మ పీట పుచ్చుకుని వెంటపడేది. చురకల కోసం ఇంకా జనం వస్తూనే ఉన్నారు. తోలాపి నుంచి ఒకావిడ డొక్కలెగరేస్తున్న పిల్లను తెస్తే, జగ్గమ్మ తడమలేదు. ముందు పాలివ్వమని చెప్పి, పిల్ల నుదుట చెమట పడుతోందేమోనని చూస్తూ కూర్చుంది. చూసి, "శ్రీకాకుళం పోండి, ఇప్పుడే పోండి" అంది. ఆ తల్లికి కోపం వచ్చింది. జగ్గమ్మకు చెయ్యి పోయిందట అని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ మాట ఆవిడ చెవిన పడింది. పడితే పడిందిలే అని పత్తి దువ్వుకుంది గాని, బాధ పడలేదంటే అబద్ధం.

బిడ్డ గుండె నెమ్మదిస్తూ వచ్చింది. నూటా నలభై నూటా ముప్ఫై అయింది, కార్తీకం వెళ్ళేసరికి నూటా ఇరవై. అంకె తగ్గినప్పుడల్లా ఇద్దరి మొహాల్లోనూ కళ వచ్చేది, ఒకరికొకరు చూపించుకోకపోయినా. మాఘమాసంలో నూటా పదికి దిగితే సంబరపడ్డారు. నూటా నాలుగుకు దిగితే ఇంకా సంబరపడ్డారు. ఆ మర్నాడు పొద్దున చినబాబు రెండుసార్లు కక్కాడు. రొమ్ము అందిస్తే మొహం తిప్పేసుకున్నాడు.

నూకాలు నలభై దాకా చెప్పింది. జగ్గమ్మ అంకె చెప్పలేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ చూసింది.

"ఎనభై రెండు" అంది. "ఈ పూట మందొద్దు."

నాలుగు నెలల తర్వాత నూకాలు నోట అంకె కాని మాట వచ్చింది.

"ఏటంటన్నావు? అసలే కక్కుతన్నాడు. మందు కూడా మానేస్తే ఏటైపోతాడు?"

"నూటికి తగ్గితే ఎయ్యొద్దన్నాది కదే నర్సమ్మ."

"నిన్న నూటా నాలుగన్నావు. ఒక్క రోజులో ఎలాగ పడిపోతాది? నీ లెక్క తప్పు. నీకు తెలిసిందే కరెస్టని నువ్వెప్పుడూ ఇంతే కదా. అప్పుడూ ఇలాగే సెప్పినావు."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. జగ్గమ్మకు ఆ క్షణంలో తన చెయ్యి మీద తనకే నమ్మకం లేదు. వేళ్ళకు తగిలిందే నిజమని అప్పుడూ అనుకుంది. ఊరంతా నమ్మిన రోజున ఆ చెయ్యి తప్పు చేసింది. ఇప్పుడు కన్నకూతురే నమ్మడం లేదు, ఎవరిని చూసుకుని నిలబడాలి? మందు వెయ్యమని చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది, తప్పైతే తనది కాదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నన్ను నమ్మొద్దే" అంది. "నమ్మమని నానడగను. నువ్వే సూడు." కూతురి చెయ్యి పట్టుకుని బిడ్డ రొమ్ము కింద పెట్టింది. "నాను తిప్పుతాను, తిప్పులూ నానే సెప్తాను. నువ్వు గుండె లెక్కెట్టు."

"నాకు రాదు. అందదు నాకు."

"ఇప్పుడందుతాది. అంత నెమ్మదిగున్నాది, సూడు."

జగ్గమ్మ చట్రం తిప్పింది. నూకాలు కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. అప్పుడు అరవై దగ్గర చెదిరిపోయిన లెక్క ఇప్పుడు చెదరలేదు. "నలభై" అని జగ్గమ్మ ఆగింది.

"డెబ్బై తొమ్మిది" అంది నూకాలు.

జగ్గమ్మ ఆసుపత్రికి తీసుకెళ్దామని మందు సీసా కోసం గదిలోకి పోయింది. సీసా పక్కన గాజు గొట్టం లేదు. పెన్నులో సిరా పోసే రబ్బరు ఫిల్లరు ఉంది.

"ఇదేటే?"

"గాజుది పగిలిపోయినాది. పది దినాలైనాది. పక్కింటి బడిపిల్లనడిగి తెచ్చినాను. గీతెంత దాకుండేదో నాకు గురుతే కదా అనుకున్నాను." నూకాలు బిడ్డను దగ్గరికి లాక్కుంది. "ఒక్క సుక్క ఎక్కువైతే తొందరగా నయమవుతాదనుకున్నానమ్మా."

పది రోజులుగా చెప్పలేదేమని అడగచ్చు. చెప్పాలంటే ఆ ఇద్దరి మధ్యా మాటలుండాలి కదా, ఉన్నవి నలభై అంకెలాయె. "మరి నువ్వు సేసిందేటి?" అన్న మాట జగ్గమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. ఎవరైనా అనే మాటే అది, అన్నా ఎవరూ తప్పు పట్టరు. ఆవిడ అనలేదు. తను మనవడి పొట్ట మీద పసుపుకొమ్ము పెట్టినప్పుడు తన మనసులో ఉన్నదేమిటో ఆవిడకు తెలుసు. కూతురి మనసులోనూ అదే ఉంది.

"గుంటడినెత్తుకో" అంది. "బస్సెల్లిపోతాది, నడు."

గణపతిరావు ఆ ఫిల్లరుతో నీళ్ళు పీల్చి కొలిచి చూశాడు. వెయ్యాల్సిన దానికి దగ్గర దగ్గర రెట్టింపు.

"ఈ పూట కూడా వేసి ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు" అన్నాడు. "గొట్టం మార్చిందెవరు?"

"ఇంట్లో పగిలిపోయినాది బాబూ" అంది జగ్గమ్మ, కూతురు నోరు తెరిచేలోపల. "పల్లెటూరోళ్ళం, తెలీక సేసినాం."

నూకాలు తల్లి మొహం కేసి చూసింది. నాలుగు నెలలుగా ఆ మొహం కేసి సూటిగా చూడలేదు. అది బాగా నలిగిపోయి ఉంది.

మందు ఆపి అయిదు రోజులు కనిపెట్టుకుని ఉన్నారు. మూడోనాటికి కక్కడం తగ్గింది, నాలుగోనాడు గుండె నూరు దాటింది. కొత్త ఫొటో తీసి పాతదాని పక్కన పెట్టి చూపించాడు డాక్టరు. గుండె కొంత చిన్నదైంది. పూర్తిగా కాదు. ఇంకో ఏడాదో రెండేళ్ళో మందు వాడాలి, జ్వరం తగిలితే మళ్ళీ భయమే, అయినా దారిలో పడ్డాడు అన్నాడు. దేవమణి కొత్త గాజు గొట్టాలు రెండిచ్చింది, ఒకటి పగిలితే ఇంకోటి ఉంటుందని.

తిరుగు బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. నూకాలు కూర్చుంది, పక్కన జగ్గమ్మ. బస్సు ఊరు దాటాక నూకాలు, ఏమీ చెప్పకుండా, చినబాబును తీసి తల్లి ఒళ్ళో పడుకోబెట్టింది. లెక్కపెట్టే వేళ కాదది. మందు వేళ కాదు. ఊరికే పెట్టింది. పెట్టి, తల్లి భుజం మీద తల వాల్చి, రెండు నిమిషాల్లో నిద్రపోయింది. బిడ్డ కొత్త ఒడి కేసి ఒకసారి చూసి, జగ్గమ్మ జాకెట్టు ముడి నోట్లో పెట్టుకున్నాడు.

జగ్గమ్మ కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కింది, ముక్కు మీద ఈగ వాలింది, కళ్ళలోంచి నీళ్ళు కారి మెడ మీదికొచ్చాయి. వేటినీ తుడుచుకోలేదు. కూతురు ఇలా తన మీద వాలి నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆవిడకు గుర్తులేదు.

పొందూరులో బస్సు ఆగింది. అందరూ దిగిపోయారు. కండక్టరు వెనక్కి వచ్చి "ఏటప్పా, దిగరేటి?" అని కేకేశాడు.

"అరవకురా బావూ" అంది జగ్గమ్మ గుసగుసగా. "నా కూతురు నాలుగు నెలల్నుంచి నిద్దరోలేదు. ఇప్పుడే పడుకున్నాది."

అతను నూకాలు కేసి చూశాడు, బిడ్డ కేసి చూశాడు.

"పడుకోనీ అయితే" అన్నాడు. "బండి ఇంకో పావుగంట ఇక్కడే ఉంటాది."